కంచెలు చెప్పే చరిత్ర

బ్రిటన్ పల్లెసీమల ఫోటోలు మీరు క్యాలెండర్ల మీదా, బిస్కెట్ డబ్బాల మీదా చూసే ఉంటారు. పచ్చని గుట్టలు, వాటి మీద మేస్తున్న గొర్రెలు, దూరంగా చర్చి శిఖరం, రాతి ఇళ్ళ ముందు గులాబీలు. ఇంగ్లండ్ దృశ్యాల్లో వీటి మధ్య మరొకటి కూడా తరచుగా కనిపిస్తుంది. అది పొలానికీ పొలానికీ మధ్య ముదురాకుపచ్చ గీత గీసినట్లుండే కంచె. ఇనుపతీగతో వేసిన కంచె కాదది, మొక్కలు నాటి పెంచిన సజీవమైన కంచె. దాన్ని అక్కడ 'హెడ్జ్' అంటారు.

ఈ అందమంతా ప్రకృతి తనంతట తానే అమర్చిందని మీకు అనిపించవచ్చు. కానీ అందులో చాలా భాగం మనుషులు తయారు చేసిందే. ఎవరు చేశారు? ఎవరి కోసం చేశారు? అందువల్ల ఎవరు నష్టపోయారు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకాలంటే ఆ కంచెలను చదవటం నేర్చుకోవాలి.

కంచె లేని పొలాలు

మధ్యయుగాల్లో, ముఖ్యంగా ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో, చాలా ఊళ్ళకు రెండో మూడో పెద్ద పెద్ద పొలాలుండేవి. ఒక్కొక్కటి వందల ఎకరాలు. ప్రతి పొలాన్నీ సన్నని పొడవాటి చీలికలుగా విడదీసేవారు. ఒక రైతుకు చెందిన చీలికలు అన్నీ ఒకేచోట ఉండేవి కావు. మంచి నేలా, చౌడు నేలా అందరికీ వాటా వచ్చేటట్లు అవి అక్కడక్కడా చెదిరి ఉండేవి. ఏటా ఒక పొలాన్ని బీడుగా వదిలి, అందులో ఊరి పశువులన్నిటినీ మేపేవారు.

సాగు భూములకు అవతల ఉమ్మడి భూమి ఉండేది. మన ఊళ్ళలోని పశువుల బీడు, బంచరాయి వంటిదన్నమాట. దానికి చట్టరీత్యా యజమాని సాధారణంగా ఆ ప్రాంతపు భూస్వామే. అయినా అక్కడ ఆవును మేపుకోవటానికీ, కట్టెలు ఏరుకోవటానికీ ఊరివాళ్ళకు తరతరాల హక్కు ఉండేది. కోతలయ్యాక పేద స్త్రీలూ పిల్లలూ పొలాల్లో పరిగె ఏరుకునేవారు. చేతిలో డబ్బు లేని కుటుంబానికి ఇవన్నీ కలిసి సగం బతుకుతెరువు.

ఆనాటి దున్నకం గుర్తులు నేటికీ చెరిగిపోలేదు. ఎడ్లతో ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో దున్నటం వల్ల నేల అలలు అలలుగా తేలింది. పొద్దుగూకే వేళ ఏటవాలు ఎండలో కొన్ని పచ్చిక బయళ్ళలో ఆ అలలు స్పష్టంగా కనిపిస్తాయి. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్ అనే ఊళ్ళో అయితే ఈ ఉమ్మడి పొలాల సాగు ఇప్పటికీ నడుస్తోంది.

ఇంగ్లండ్ అంతా ఇలాగే ఉండేదని మాత్రం అనుకోకండి. డెవన్, కెంట్ వంటి ప్రాంతాల్లో కంచెలున్న చిన్న పొలాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. పశ్చిమాన కార్న్‌వాల్‌లో కొన్ని రాతి గట్లు రెండు వేల సంవత్సరాలకు పైబడినవి!

గొర్రెలు వచ్చాయి, చట్టాలు వచ్చాయి

15, 16 శతాబ్దాల్లో ఉన్నికి గిరాకీ పెరిగింది. ధాన్యం పండించటం కన్నా గొర్రెల్ని పెంచటమే లాభమని భూస్వాములు లెక్క వేసుకున్నారు. గొర్రెలకు ఒక్క కాపరి చాలు, ఊరంతా అక్కరలేదు. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ గ్రామం 1348-49 నాటి ప్లేగు తరువాత క్రమంగా చిక్కిపోయింది. 1500 ప్రాంతాల్లో చివరి కుటుంబాలను కూడా ఖాళీ చేయించి ఆ నేలను గొర్రెలకు వదిలారు. 1950 నుంచి 1990 దాకా పురాతత్వవేత్తలు అక్కడ తవ్వి, ఆ ఊరి ఇళ్ళ పునాదులను వెలికితీశారు.

18వ శతాబ్దంలో ఈ పని పార్లమెంటు ద్వారానే సాగింది. పద్ధతి ఇది. ఒక ఊరి పెద్ద భూస్వాములు పార్లమెంటుకు అర్జీ పెడతారు. ఆ ఊరి కోసమే ఒక చట్టం చేస్తారు. కమిషనర్లు, సర్వేయర్లు వచ్చి కొత్త పటం గీస్తారు. చెదిరిన చీలికలూ, ఉమ్మడి భూమీ రద్దవుతాయి. ఎవరి వాటా వారికి ఒకేచోట ఇస్తారు. గడువులోగా దాని చుట్టూ సొంత ఖర్చుతో కంచె వేసుకోవాలి.

1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. అవి సుమారు 68 లక్షల ఎకరాలను, అంటే ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఐదో వంతుకు మించిన నేలను ముట్టుకున్నాయి. ఎకరమో రెండెకరాలో వచ్చిన చిన్న రైతు కంచె ఖర్చూ, చట్టం ఖర్చులో తన వాటా భరించలేక తరచు ఆ నేలను అమ్ముకున్నాడు. తరతరాలుగా ఆవును మేపుకున్నా కాగితం చూపించలేని కూలివాడికి చాలాచోట్ల ఏమీ దక్కలేదు. ఆనాటి పార్లమెంటులో కూర్చున్నది ప్రధానంగా భూస్వాములేనని మరచిపోకూడదు.

పంట పెరిగింది, మరి కంచంలోకి?

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఆ కాలంలో ఇంగ్లండ్ వ్యవసాయం నిజంగానే ముందుకు పోయింది. నార్ఫోక్ ప్రాంతంలో గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్‌లను వరసగా వేసే నాలుగేళ్ళ పంటమార్పిడి ప్రసిద్ధి చెందింది. క్లోవర్ మన పిల్లిపెసర లాగే చిక్కుడు కుటుంబపు మొక్క. దాని వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. టర్నిప్ చలికాలంలో పశువులకు మేత. కాబట్టి నేలను బీడు పెట్టాల్సిన అవసరం తగ్గింది. లీస్టర్‌షైర్ రైతు రాబర్ట్ బేక్‌వెల్ (1725-1795) మేలైన గొర్రెలను ఎంపిక చేసి, వేరుగా ఉంచి జాతిని వృద్ధి చేశాడు. అన్ని మందలూ కలిసి మేసే చోట ఇది కష్టం. అయితే కొన్ని ఉమ్మడి పొలాల ఊళ్ళు కూడా కొత్త పంటలు వేశాయి. అందువల్ల పెరిగిన దిగుబడిలో కంచెల వాటా ఎంత అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

వాదన లేనిది కూలివాడి కష్టాల గురించి. బర్క్‌షైర్‌లోని బార్కమ్ చర్చి మతాధికారి డేవిడ్ డేవీస్ కూలి కుటుంబాల జమాఖర్చులు సేకరించి 1795లో పుస్తకం వేశాడు. వాళ్ళ సంపాదనలో అధిక భాగం రొట్టెకే పోతోందని ఆ లెక్కలు చూపాయి. పేదలు టీ తాగి డబ్బు పాడు చేస్తున్నారని అప్పట్లో పెద్దలు ఆడిపోసుకునేవారు. డేవీస్ వాళ్ళ తరఫున మాట్లాడాడు. ఆవు లేదు కాబట్టి పాలు లేవు, బీరు కాచుకుందామంటే మాల్ట్ ధర అందదు, ఇక మిగిలింది పలచని టీ మాత్రమేనని ఆయన వివరించాడు. ఆ టీ చైనా నుంచి వచ్చేది. అందులో వేసే చక్కెర కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకు నుంచి వచ్చేది. ఊరి బీడులో మేసిన ఆవు పోయి, సముద్రాల అవతలి సరుకు పేదవాడి గిన్నెలోకి వచ్చిందన్నమాట!

కూలివాడి కొడుకు, కవి జాన్ క్లేర్ పుట్టిన హెల్ప్‌స్టన్ ఊరికి ఈ చట్టం 1809లో వచ్చింది. చిన్నప్పుడు తాను తిరిగిన బయళ్ళు మూతపడటాన్ని అతడు తన కవిత్వంలో నమోదు చేశాడు.

కనపడని కంచె

భూస్వాముల తోటల కథ వేరు. 'కేపబిలిటీ' బ్రౌన్ (1716-1783) అనే తోటల శిల్పి గీతలు గీసినట్లుండే పాత తోటలను తీసేసి, సహజంగా కనిపించే పచ్చిక వాలులనూ, చెట్ల గుంపులనూ ఏర్పాటు చేశాడు. బ్లెన్‌హైమ్ భవనం ముందున్న విశాలమైన సరస్సు ఒక చిన్న నదికి ఆనకట్ట వేసి అతడు సృష్టించినదే. ఇలాంటి తోటల్లో 'హ-హ' అనే పల్లపు గోడ ఉండేది. కందకంలో కట్టటం వల్ల అది భవనంలోంచి కనపడదు. దూరాన మేసే ఆవులు తోటలో ఉన్నట్లే కనిపిస్తాయి, లోపలికి మాత్రం రాలేవు. చూపుకు అడ్డు రాని కంచె!

చూపుకు ఊరే అడ్డం వస్తే? డోర్సెట్‌లో లార్డ్ మిల్టన్ తన భవనం పక్కనున్న ఊరినే పడగొట్టించాడు. 1770, 80 దశకాల్లో దూరంగా ఒకే తీరు గడ్డికప్పు ఇళ్ళతో మిల్టన్ ఆబస్ అనే కొత్త ఊరు కట్టించాడు. నేడు సందర్శకులు ముచ్చటపడి ఫోటోలు తీసుకునే ఊరు అదే.

సామాన్యుడికి తోట చాలా ఆలస్యంగా దక్కింది. కూరగాయలు పండించుకోవటానికి అడిగినవారికి చిన్న మడులు కౌలుకివ్వాలని 1908 నాటి చట్టం స్థానిక సంస్థలకు బాధ్యత పెట్టింది. 'అలాట్‌మెంట్' అనే ఈ మడుల్లో బ్రిటిష్ కుటుంబాలు ఈనాటికీ బంగాళాదుంపలూ, చిక్కుళ్ళూ పండించుకుంటున్నాయి.

కంచె వయసు లెక్కించటం ఎలా?

చట్టాల కాలంలో వేసిన కంచెలు స్కేలు పెట్టి గీసినట్లు తిన్నగా ఉంటాయి. ఎక్కువగా హాథార్న్ అనే ఒకే ముళ్ళపొదతో వేశారు. పాత కంచెలు వంకర్లు తిరుగుతాయి, వాటిలో ఎన్నో జాతుల మొక్కలుంటాయి. పక్షులూ గాలీ తెచ్చిన విత్తనాలు మెల్లగా వేళ్ళూనుకోవటం దీనికి ఒక కారణం. మాక్స్ హూపర్ అనే శాస్త్రవేత్త పాత పత్రాల ద్వారా వయసు తెలిసిన కంచెలను పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. 30 గజాల కంచెలో ఎన్ని జాతుల చెట్లు, పొదలు ఉంటే దాని వయసు సుమారుగా అన్ని శతాబ్దాలు. రెండు జాతులుంటే రెండు వందల ఏళ్ళు, ఎనిమిదుంటే ఎనిమిది వందల ఏళ్ళు. అయితే మొదటే రకరకాల మొక్కలు కలిపి నాటి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అందుకే పాత పటాలతో సరిచూసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత చరిత్ర మలుపు తిరిగింది. ట్రాక్టర్లు తిరగటానికి పెద్ద పొలాలు కావాల్సి వచ్చాయి. ప్రభుత్వ సహాయంతోనే వేల మైళ్ళ కంచెలను పీకేశారు. వాటితోపాటు పక్షుల గూళ్ళూ, తేనెటీగల పూలూ, డోర్‌మౌస్ అనే చిన్న జంతువు నివాసాలూ పోయాయి. చివరకు 1997లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ముఖ్యమైన పాత కంచెలను అనుమతి లేకుండా తొలగించకూడదని నిబంధనలు తెచ్చారు.

మూసిన నేలలోకి అడుగు పెట్టే హక్కు కోసం కూడా పోరాటం జరిగింది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ తదితర పట్టణాల నుంచి వందలమంది యువకులు నిషేధాన్ని ధిక్కరించి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. ఐదుగురు జైలు పాలయ్యారు. 1951లో ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్ తొలి జాతీయ పార్కు అయింది. 2000 నాటి చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలోని కొండలు, బీళ్ళు, నమోదైన ఉమ్మడి భూముల్లో నడిచే హక్కును అందరికీ ఇచ్చింది. నడిచే హక్కు మాత్రమే సుమా! ఆవును మేపుకునే హక్కు కోల్పోయినవారి వారసులకు అది తిరిగి రాలేదు.

కాబట్టి పేదలను వెలివేసిన కంచే నేడు పక్షులకు ఆశ్రయం. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని చెప్పటం కోసం రెండోదాన్ని దాచకపోవటమే చరిత్ర చదివేవారు చెయ్యాల్సిన పని.