జపోవెద్నిక్

జపోవెద్నిక్ అనగా రష్యాలో చట్టప్రకారం అత్యంత కఠినమైన రక్షణ పొందే ప్రకృతి ప్రాంతం. ఇక్కడి నేల, నీరు, భూగర్భం, వృక్షజాలం మరియు జంతుజాలం అన్నిరకాల ఆర్థిక వినియోగం నుండి తొలగింపబడి ఉంటాయి. జాతీయ వనం ప్రజల సందర్శనకు కూడా ఉద్దేశింపబడినది. జపోవెద్నిక్ ముఖ్యోద్దేశం మాత్రం ప్రకృతిని దాని మానాన వదలివేసి, అక్కడ జరిగే మార్పులను పరిశీలించటం. రష్యాలో ఇటువంటి ప్రాంతాలు వందకు పైగా ఉన్నాయి. పూర్వపు సోవియట్ దేశాలు కొన్నింటిలో కూడా ఈ విధానం కొనసాగుతున్నది.

పేరు

రష్యన్ భాషలో "జపోవెద్" అనగా ఆజ్ఞ. బైబిలులోని పది ఆజ్ఞలకు కూడా ఇదే పదం వాడతారు. కావున జపోవెద్నిక్ అనే పేరులో "ముట్టరాదు" అనే శాసనార్థం ఇమిడి ఉన్నది.

భావన

19వ శతాబ్దపు చివరిలో రష్యాలోని గడ్డిమైదానాలు (స్టెప్పీలు) వేగంగా సాగులోకి వచ్చాయి. దున్నని నేల కొంతైనా మిగలకపోతే, దున్నిన నేలలో ఏమి నష్టపోయామో తెలుసుకొనే మార్గం ఉండదని నేలల శాస్త్రవేత్త వసీలీ దొకుచాయెవ్ భావించాడు. జంతుశాస్త్రవేత్త గ్రిగోరీ కొజెవ్నికోవ్ 1908లో ఈ ఆలోచనను మరింత స్పష్టం చేశాడు. రక్షిత ప్రాంతం నుండి ఏమీ తీసివేయరాదు, దానికి ఏమీ చేర్చరాదు, దేనినీ మెరుగుపరచరాదు అనేది ఆయన వాదన సారాంశం. ఈ విధంగా జపోవెద్నిక్ ఇతర భూములను పోల్చి చూచుటకు ఒక ప్రమాణంగా రూపొందింది.

చరిత్ర

విలువైన ఉన్నిచర్మం కోసం సేబుల్ అనే చిన్న జంతువును విపరీతంగా వేటాడటంతో దాని సంఖ్య పడిపోయింది. దీనిని రక్షించటానికి బైకాల్ సరస్సు ఈశాన్య తీరాన బర్గుజిన్ జపోవెద్నిక్ స్థాపించబడింది. స్థాపన తేదీ పాత పంచాంగం ప్రకారం 1916 డిసెంబరు 29, కొత్త పంచాంగం ప్రకారం 1917 జనవరి 11. రష్యాలో జనవరి 11ను జపోవెద్నిక్‌ల దినోత్సవంగా జరుపుకొంటారు. కాలక్రమంలో సేబుల్ సంతతి కోలుకొన్నది. అయితే అక్కడ వేటపై జీవించే ఎవెంకి తెగవారు ఆ భూములను వదలవలసి వచ్చింది.

విప్లవానంతరం 1919లో వోల్గా నది డెల్టాలో అస్త్రఖాన్, 1920లో యురల్ పర్వతాలలో ఖనిజాల రక్షణకై ఇల్మెన్ జపోవెద్నిక్‌లు ఏర్పడ్డాయి. 1935లో దూరప్రాచ్యంలో ఏర్పడిన సిఖొతె-అలిన్ జపోవెద్నిక్ అముర్ పులికి ముఖ్య ఆశ్రయం.

1951 నాటి కోత

ఇంత భూమి, అడవి ఉపయోగం లేకుండా పడి ఉన్నాయనే వాదనతో 1951 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వం జపోవెద్నిక్‌ల సంఖ్యను 128 నుండి 40కి తగ్గించింది. మొత్తం విస్తీర్ణం ఇంచుమించు పదోవంతుకు పడిపోయింది. సిఖొతె-అలిన్ సుమారు 18 లక్షల హెక్టార్ల నుండి సుమారు లక్ష హెక్టార్లకు కుదించబడింది. తరువాత కొంత తిరిగి చేర్చబడి, నేడు దాని విస్తీర్ణం సుమారు 4 లక్షల హెక్టార్లు. అల్తాయ్ జపోవెద్నిక్ 1951లో రద్దయి, 1958లో పునరుద్ధరింపబడి, 1961లో మరల రద్దయి, 1967లో తిరిగి ఏర్పడింది. అడవి ఒకసారి నరకబడిన తరువాత, హద్దులను పునరుద్ధరించినంత మాత్రాన పూర్వస్థితి తిరిగి రాదు. శాశ్వత రక్షణ అనే మాట ప్రభుత్వ ఉత్తర్వుకు లోబడినంతకాలం అది ఎంత బలహీనమో ఈ ఘటన తెలుపుతుంది.

1995 చట్టం

ప్రస్తుతం జపోవెద్నిక్‌లకు ఆధారం 1995 మార్చి 14న వచ్చిన "ప్రత్యేక రక్షిత ప్రకృతి ప్రాంతాల" ఫెడరల్ చట్టం. దీని ముఖ్యాంశాలు:

* జపోవెద్నిక్ భూమి ఫెడరల్ ప్రభుత్వ ఆస్తి; దానిని అన్యాక్రాంతం చేయరాదు.
* జపోవెద్నిక్ లక్ష్యాలకు విరుద్ధమైన ఏ కార్యకలాపమైనా నిషిద్ధం.
* అలవాటు చేసే ఉద్దేశంతో బయటి జీవులను తెచ్చి వదలరాదు.
* శాస్త్ర పరిశోధన, పర్యావరణ విద్య, అగ్నిప్రమాద నివారణ వంటి పనులకు అనుమతి కలదు.
* బయటివారు అనుమతి పత్రంతో మాత్రమే ప్రవేశించాలి.

ఉల్లంఘించినవారికి జరిమానాలు ఉంటాయి. గణనీయమైన నష్టం కలిగిస్తే క్రిమినల్ కోడ్ 262వ అధికరణం వర్తిస్తుంది.

2011, 2013 సవరణలు ఈ కట్టడిని కొంత సడలించాయి. విజ్ఞాన పర్యాటకానికి చోటు లభించింది; కొన్ని జపోవెద్నిక్‌లను జాతీయ వనాలుగా మార్చే వీలు కలిగింది. క్రస్నోయార్స్క్ వద్దనున్న స్తోల్బీ 2019లో జాతీయ వనంగా మారింది.

ప్రకృతి దినచర్య

జపోవెద్నిక్‌లలోని శాస్త్రవేత్తలు ఏటా "ప్రకృతి దినచర్య" అనే నివేదికను తయారుచేస్తారు. మంచు కరిగిన రోజు, పూలు పూసిన రోజు, పక్షుల రాక, జంతువుల లెక్కలు ఇందులో నమోదవుతాయి. దశాబ్దాలుగా ఒకేచోట సేకరించిన ఈ సమాచారం వాతావరణ మార్పుల అధ్యయనానికి అమూల్యమైనది.

జోక్యంపై వివాదం

అన్నిచోట్లా జోక్యం లేకపోవటమే మేలు చేయలేదు. స్టెప్పీలలో ఒకప్పుడు గుంపులుగా మేసిన అడవి జంతువులు నేడు లేవు. గడ్డిని కోయకుండా వదిలితే ఎండుగడ్డి పేరుకొని, పొదలు పెరిగి, మొక్కల వైవిధ్యం తగ్గుతుంది. అందువలన మధ్య నల్లరేగడి జపోవెద్నిక్‌లో కొంత భాగంలో గడ్డి కోస్తూ, కొంత భాగాన్ని ముట్టకుండా ఉంచి రెండింటినీ పోల్చి చూస్తున్నారు.

భారతదేశంతో పోలిక

భారతదేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో జపోవెద్నిక్‌కు సరిగ్గా సమానమైన వర్గం లేదు. జాతీయ వనాలలో పశువులను మేపటం నిషిద్ధం. 2006 సవరణ ప్రకారం పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాన్ని అతిక్రమణ లేకుండా ఉంచాలి; అయితే అక్కడి గిరిజనులను వారి సమ్మతితో, ఉభయులూ అంగీకరించిన షరతులపై మాత్రమే తరలించాలి. ఎవెంకి వారికి నాడు ఇటువంటి రక్షణ లేదు.

ఇవి కూడా చూడండి

* జాతీయ వనం
* అభయారణ్యం
* బయోస్ఫియర్ రిజర్వు
* బైకాల్ సరస్సు