భయానికి పెట్టిన పేర్లు

కవి కాళోజీ పేరెత్తితే మా మడికొండలో మాట తొందరగా తెగదు. ఆయన పుట్టింది బీజాపూర్ జిల్లా రట్టిహళ్లిలో. పెరిగింది, లోకం తెలుసుకున్నది మాత్రం ఈ మెట్టుగుట్ట నీడలోనే. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసిన రోజు బత్తిని మొగిలయ్య గౌడ్‌ను నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు చంపారు. విచారణ జరపాల్సిందేనని కాళోజీ పట్టుబట్టారు. నిజాం సర్కారు ఆయన మీద నగర బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చింది. చంపినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, అడిగిన మనిషి ఊరు దాటాల్సి వచ్చింది.

ఈ సంగతి విన్నప్పటినుంచి నన్నొక ప్రశ్న వదలలేదు. ఇంత జరిగినా ఊరంతా ఎందుకు నోరు మూసుకుంటుంది? భయం ఒక్కటే కారణమైతే ఎంతోకాలం నిలవదు. భయానికి ఒక పేరు కావాలి. ఆ పేరు పత్రికలో రావాలి, రేడియోలో వినిపించాలి, చివరికి మన నాలుక మీదికి ఎక్కాలి. వందేళ్ల వరంగల్ చరిత్రలో అలాంటి పేర్లు ఒక్కొక్కటిగా ఎక్కడినుంచి వచ్చాయో వెతకడమే ఈ వ్యాసం పని.

నిజాం రాజ్యంలో జనాభిప్రాయాన్ని మలచడానికి మొదటి పనిముట్టు మౌనం. ముందుగా అనుమతి లేనిదే సభ పెట్టరాదని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించింది. నలుగురు కూడితే కదా ఒకరి భయం ఒకరు చెప్పుకునేది! ఆ మౌనాన్ని పల్లెలే ముందు బద్దలు కొట్టాయి. 1922లో మానుకోట దగ్గరి ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ తెచ్చారు, అదే ఏడు నల్లగొండ నుంచి ‘నీలగిరి పత్రిక’ వచ్చింది. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. చిత్రమేమంటే, 1922లోనే అమెరికాలో వాల్టర్ లిప్‌మన్ ప్రజాభిప్రాయం మీద తన పుస్తకం అచ్చువేశాడు. మనిషి నడుచుకునేది లోకాన్ని చూసి కాదు, లోకం గురించి తన తలలో ఉన్న బొమ్మను చూసి అన్నది ఆయన వాదం. ఆ బొమ్మ గీసే హక్కు దర్బారు ఒక్కదానికే ఎందుకుండాలన్నది ఇనుగుర్తి అన్నదమ్ముల పట్టుదల. ఆ పుస్తకం సంగతి వాళ్లకు తెలుసో లేదో గానీ పని మాత్రం చేసి చూపించారు.

1948 వచ్చేసరికి మౌనం చాలలేదు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ ప్రసంగాలు ఒకవైపు, నిజాం రేడియో మరోవైపు. ఇండియాలో కలిస్తే ముస్లింలకు బతుకు లేదన్న మాటను రోజూ నూరిపోశారు. ఆ మాటను కాదన్న ముస్లిం ఒకడున్నాడు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్, మన మానుకోట తాలూకా బిడ్డ. హైదరాబాద్ ఇండియాలో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఇంటికి పోతున్నవాణ్ని కాల్చి, రాసిన చేతిని నరికారు. అందరిలోకీ రాజ్యం భయపడింది ఆ చేతికే.

తర్వాత సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి కింద భారత సైన్యం ట్యాంకులతో, విమానాలతో హైదరాబాద్ రాజ్యంలోకి నడిచింది. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. లోకానికి చెప్పిన పేరు పోలీసు చర్య. నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసి ఉన్నాడు. యుద్ధమంటే రెండు దేశాల వ్యవహారమవుతుంది, పోలీసు చర్య అంటే ఇంటి గొడవ అవుతుంది. ఆ పేరు ఎంత లోతుగా దిగిందంటే, ఇప్పటికీ మా పెద్దలు వయసు లెక్కపెట్టేది “పోలీసు యాక్షన్ అయిన ఏడు పుట్టిండు” అనే. రజాకార్ల దౌర్జన్యం కట్టుకథ కాదు. బైరాన్‌పల్లిలో ఆగస్టు 27న వాళ్లు చేసిన ఊచకోతను ఆ ఊరి బురుజు నేటికీ చెబుతుంది. కానీ సైన్యం వచ్చాక, ముఖ్యంగా మరాట్వాడా జిల్లాల్లో, ముస్లింల మీద సాగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ బృందం, చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. “పోలీసు చర్య” అన్న రెండు మాటల కింద అంతమంది ఉన్నారు.

ఆ తర్వాతి మాట మా ఇంటి పక్కదే. ఎన్‌కౌంటర్. తెలుగులో ఎదురుకాల్పులు.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల మీద సెన్సారు పడింది. సరిగ్గా నెలకు, జూలై 25న, గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుల ఎదురుకాల్పుల్లో చనిపోయారని వార్త. అందులో సూరపనేని జనార్దన్ వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి. ఆ కాలేజీ మడికొండ నుంచి సైకిల్ మీద పోయేంత దూరం.

అలాంటి వార్త అచ్చు ఎట్లా ఉంటుందో నా ఈడువాళ్లకు కంఠతా వచ్చు. నమ్మదగిన సమాచారం అందడంతో పోలీసులు గాలింపు జరుపుతుంటారు. లొంగిపొమ్మని హెచ్చరిస్తారు. అటునుంచి కాల్పులు మొదలవుతాయి. ఆత్మరక్షణ కోసం పోలీసులు కాలుస్తారు. కొందరు చీకట్లో పారిపోతారు. సంఘటన స్థలంలో ఒక తపంచా, కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరుకుతాయి. ఊరి పేరు, తేదీ మారుతాయి, మిగతాదంతా అదే. ఇది రాసేది విలేకరి కాదు, ఠాణా నుంచి వచ్చిన ప్రెస్‌నోటు. విలేకరి దానికి శీర్షిక కడతాడు. పాఠకుడు చాయ్ తాగుతూ చదివి పేజీ తిప్పుతాడు. హత్య అన్న మాట ఒక్కసారీ రాకుండా మనిషి చావు గురించి పదిహేను వాక్యాలు రాయవచ్చునని తెలుగు పత్రికలు మాకు చిన్నప్పుడే నేర్పాయి.

ఎమర్జెన్సీ పోయాక, 1977లో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. అందులో మన కాళోజీ ఉన్నారు, పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ ఉన్నారు, పాత్రికేయుడు అరుణ్ శౌరీ ఉన్నారు. ఈ పెద్దలు ఊళ్లకు పోయి మనుషులను అడిగారు. నలుగురినీ ముందే పట్టుకుని, అడవికి తీసుకుపోయి, చెట్లకు కట్టి కాల్చారని తేల్చారు. ప్రెస్‌నోటు అల్లిన కథను విప్పడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. విచారణ రహస్యంగా సాగాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టింది, పౌరహక్కుల పక్షం బయటికి వచ్చేసింది, కమిషన్ పని అక్కడే ఆగింది. సత్తుపల్లిలో ఎమర్జెన్సీ నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీకి నిలబడి కాళోజీ ఓడిపోయిన సంగతిని చాలామంది కవి చాదస్తంగా చెప్పుకుంటారు. నా మటుకు అది గిరాయిపల్లి మీద వేసిన ప్రశ్నే.

1985 సెప్టెంబర్ 2న కాజీపేట రైల్వేస్టేషన్‌లో నక్సలైట్లు ఎస్.ఐ. యాదగిరిరెడ్డిని కాల్చి చంపారు. మరునాడు శవయాత్ర సాగుతుండగానే పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు రామనాథంను ఆయన దవాఖానలోనే కాల్చేశారు. శవయాత్రలో వచ్చిన పోలీసులదే ఆ పని అని సంఘం ఆనాడే ప్రకటించింది. ఎవరికీ శిక్ష పడలేదు. ఆనాటినుంచి వరంగల్‌లో “పౌరహక్కులు” అన్న మాట అనడానికే జనం గొంతు తగ్గించారు. ఒక మంచి మాటను భయం పేరుగా మార్చడం కూడా ఈ పనిలో భాగమే.

పత్రికలన్నీ చెడ్డవనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే, ఆ కబురును రాష్ట్రమంతా మోసింది పత్రికలే. అవే పత్రికలు 1995 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దింపేటప్పుడు ఆయన భార్య లక్ష్మీపార్వతికి పెట్టిన “దుష్టశక్తి” అన్న పేరును ఇంటింటికీ చేర్చాయి. ఎమ్మెల్యేల లెక్క, పార్టీ రాజకీయం అన్నీ ఆ ఒక్క మాట వెనక దాగిపోయాయి.

తెలంగాణ ఉద్యమంలో ఈ విద్య కాగితం మీదికే ఎక్కింది. రాష్ట్రం విడిపోతే నక్సలైట్లు పెరుగుతారని, మతకల్లోలాలు వస్తాయని, హైదరాబాదులో బతకలేమని ఏళ్ల తరబడి చెప్పారు. తెలంగాణ డిమాండుపై కేంద్రం వేసి, 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ అందులో ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవరులో పెట్టి కేంద్రానికి అందజేసింది. 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పులో ఆ కవరు లోపలి సంగతి బయటపడింది. పత్రికల శీర్షికలను, సంపాదకీయ ధోరణిని ఎట్లా తమవైపు తిప్పుకోవాలి, ప్రభుత్వ ప్రకటనల ఆదాయాన్ని అందుకు ఎట్లా వాడుకోవాలి అన్న సలహాలు అందులో ఉన్నాయి. తీర్పు మీద అప్పీలు నడిచింది. కానీ ప్రకటన డబ్బుతో వార్తను వంచవచ్చునని ఒక ప్రభుత్వ కమిటీయే రాసిపెట్టిందన్న నిజాన్ని ఏ అప్పీలూ చెరపలేదు. వరంగల్‌లో ఆనాడు రోడ్ల మీద ఉన్న పిల్లల కోపానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ప్రెస్‌నోటు కూడా అక్కర్లేదు. 2018 మే నెలలో నా ఫోనుకూ ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వణుకుతున్న ఆడగొంతు. ఊళ్లలోకి పిల్లలనెత్తుకపోయే ముఠా దిగిందని, కనబడితే వదలొద్దని. కింద ఏ దేశానివో తెలియని పిల్లల శవాల ఫొటో. ఆ గొంతులో తల్లి భయం ఉంది, అందుకే వినగానే చెయ్యి తానే ఫార్వర్డ్ మీదికి పోయింది. పంపలేదు, కానీ పోయిన మాట నిజం. ఆ నెలలోనే ఇలాంటి పుకార్లకు బీబీనగర్ దగ్గర ఒక మనిషిని, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బిచ్చమెత్తుకునే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించారు, పాట కట్టించారు. ఫోన్లో వచ్చిన వీడియోను ముందు పెట్టుకుని, ఇది ఎక్కడిది, ఎవరు తీశారు, ఎవరు చెప్పారు అని జనంతోనే అడిగించారు. తార్కుండే కమిటీ గిరాయిపల్లిలో చేసిందీ, కాళోజీ వరంగల్ కోట దగ్గర చేయబోయి బహిష్కరణ తెచ్చుకున్నదీ ఆ పనే. ఆ ఏడు ఆ పుకారుకు ఆమె పరిధిలోని ఊళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.