గ్రీకు పురాణాల వెండి నగలు.. పాత రాళ్లు పొదిగించుకుంటున్నారా? ఇవి తెలుసుకోండి!

ఉంగరం మీద గుడ్లగూబ.. లాకెట్‌లో పాముల జుట్టుతో మెడూసా తల.. గ్రీకు పురాణాల స్ఫూర్తితో చేత్తో చేసే వెండి నగల్లో తరచూ కనిపించే బొమ్మలివి. మనవాళ్లు గుడ్లగూబను అపశకునం అంటారు గానీ, గ్రీకులకు అది జ్ఞానదేవత అథీనా పక్షి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ ముద్రించిన దాదాపు 17 గ్రాముల వెండి నాణెంపై ఒకవైపు అథీనా, మరోవైపు గుడ్లగూబ ఉండేవి. ఆ వెండి ఎక్కువగా లారియం గనులది. రాళ్లకూ ఆ వాసన ఉంది. ఊదా రంగు అమెథిస్ట్ పేరుకు గ్రీకులో ‘మత్తెక్కనివ్వనిది’ అని అర్థం.

ఇక రీక్లెయిమ్డ్ రాళ్లంటే పాత, విరిగిన నగల నుంచి తీసినవి. కొత్తగా గని తవ్వక్కర్లేదు. చిక్కంతా రాయిని విప్పి మళ్లీ పొదగడంలోనే! చాలా పచ్చలకు పగుళ్లు కనపడకుండా నూనె పట్టించి ఉంటారు. టంకం వేడి తగిలిందా, అంతే.. పగుళ్లు బయటపడతాయి. ముత్యాలు, ఒపల్ కూడా వేడికి ఆగవు. అందుకే వెండి పని పూర్తయ్యాకే రాయి పొదగాలి.

అమ్మమ్మ కమ్మల్లోని రాళ్లు ఇస్తున్నారా? ముందే ఫొటోలు తీసుకోండి, విప్పాక మీ ముందే తూకం వేయించండి. తర్వాత ‘ఇది మా రాయి కాదు’ అని నిరూపించడం చాలా కష్టం.

925 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. నల్లబడితే నకిలీ అనుకోవద్దు, గాలిలోని గంధకం ప్రభావం అది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ముత్యాలున్న నగను మాత్రం వెండి మెరిపించే ద్రావణాల్లో ముంచొద్దు.