బాబు తల చప్పటైంది... హెల్మెట్ పెట్టాలా?

(ఈ గాథలోని తల్లిదండ్రులు ఏ ఒక్క ఇంటివారూ కారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పసిబిడ్డలున్న ఇళ్లలో ఎదురయ్యే పరిస్థితులను ఒకే కుటుంబంగా కూర్చి చెబుతున్నాం. అందుకే పేర్లు లేవు. వైద్య విషయాలు, పరిశోధనల అంకెలు మాత్రం యథార్థం.)

బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర, కృష్ణ ఒడ్డున, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి అయిదో నెల బాబుకు పుట్టువెంట్రుకలు తీశారు. మంగలి కత్తి పక్కనపెట్టి తడిగుడ్డతో నెత్తి తుడిచాడు. ఒత్తైన జుట్టు అన్నాళ్లూ దాచిన సంగతి ఎండలో బయటపడింది. తల వెనక కుడిపక్క చప్పటగా ఉంది. కుడి చెవి ఎడమ చెవికన్నా కాస్త ముందుకు జరిగి ఉంది.

మొదట చూసింది వనపర్తి నుంచి వచ్చిన నాయనమ్మ.

“ఇదేంది, పిల్లగాని తల సొట్ట పోయింది?” అంటూ గద్వాల వియ్యపురాలి వైపు తిరిగింది. “నీళ్లు పోసేటప్పుడు ఒత్తలేదా వదినా? పచ్చికుండ అసొంటి తల. ఎట్ల ఒత్తితే అట్ల వస్తది గద!”

అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. “ఒత్తకేం వదినా? దినాం నూనె రాసి ఒత్తిన. ఆవాల దిండు గూడ ఏసిన.”

బాబు తల్లి ఒక్క మాటా అనలేదు. కాన్పయినప్పటి నుంచి ఆమె తల్లిగారింట్లోనే ఉంది. నేత ఇల్లు. మగ్గం పక్కనే తొట్టెల కట్టారు. మగ్గం చప్పుడూ, వాకిలి వెలుతురూ బాబుకు కుడివైపే. వాడు ఎప్పుడూ అటే తిరిగి పడుకునేవాడు. చూస్తూ కూడా కనిపెట్టలేకపోయానన్న బాధ ఆమెను తొలిచేస్తోంది.

ఆ రాత్రి వనపర్తిలో ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరారు. అవతల డాలస్‌లో ఉన్న ఆడబిడ్డ.

“ఇక్కడ ఇది మామూలే తమ్ముడూ. మా పక్కింటి బాబుకు హెల్మెట్ పెడితే నాలుగు నెలల్లో గుండ్రంగా వచ్చింది. ఏడాది దాటితే ఎముక గట్టిపడుతుంది. ఆలస్యం చేయకండి.”

తండ్రి అప్పటికప్పుడే తేల్చేశాడు. “ఎంతైతే అంత. బంగారం బ్యాంకుల పెడదాం. హైదరాబాద్ పోదాం.”

ఆడబిడ్డ చెప్పింది అబద్ధం కాదు. పసివాళ్ల తల ఆకారం సరిచేయడానికి హెల్మెట్ వాడిన తీరును స్టెర్లింగ్ క్లారెన్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు 1979లోనే ప్రచురించారు. ఆ తర్వాత అక్కడ మరో మార్పు వచ్చింది. నిద్రలోనే పసికందుల ప్రాణం పోయే ఆకస్మిక మరణాలను ఆపడానికి, బిడ్డల్ని బోర్లా కాకుండా వెల్లకిలా గానీ పక్కకు గానీ పడుకోబెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో చెప్పింది. 1994లో దేశమంతా ప్రచారం మొదలైంది. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. దానితోపాటే తల వెనక చప్పటైన పిల్లల సంఖ్య పెరిగింది, హెల్మెట్లూ పెరిగాయి. 1998లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటిని వైద్య పరికరాల కింద వర్గీకరించింది.

హైదరాబాద్ బస్సెక్కే ముందు నాగర్‌కర్నూల్‌లో పిల్లల డాక్టరుకు ఒకసారి చూపిద్దామని తల్లి పట్టుబట్టింది. బిజినేపల్లి మీదుగా వెళ్లారు.

డాక్టరమ్మ బాబును తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తాను లేచి నిలబడి పైనుంచి తల చూసింది. టేపుతో చుట్టుకొలత తీసి, పాత కొలతలతో పోల్చింది. మాడు మీద వేలు పెట్టింది. పుర్రె ఎముకలు కలిసే అతుకుల వెంట బొటనవేలు నడిపిస్తూ ఎక్కడైనా గట్టు తగులుతుందేమోనని వెతికింది. గిలక్కాయ ఆడిస్తూ మెడ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా అని చూసింది.

“పెద్ద భయం లేదమ్మా,” అంది. “మనం ముందుగా తేల్చుకోవాల్సింది హెల్మెట్ గురించి కాదు, ఇది ఏ రకం చప్పటతనమో. కొందరు పిల్లల్లో పుర్రె అతుకు ముందే మూసుకుపోతుంది. సుమారు రెండు వేల అయిదు వందల మందిలో ఒకరికి అట్లా అవుతుంది. అతుకు మీద గట్టు తగులుతుంది, తల ఒక్క దిక్కుకే పెరుగుతుంది. దానికి ఆపరేషన్ గురించి ఆలోచించాలి, అదీ త్వరగా. వెనక అతుకు మూసుకుపోతే ఆ పక్క చెవి సాధారణంగా వెనక్కి లాగినట్టు ఉంటుంది. మీ బాబుకు చెవి ముందుకొచ్చింది, నుదురూ అదే పక్క కాస్త పొంగింది. అతుకులన్నీ బాగున్నయి. మెడ కండరం బిగుసుకుపోలేదు. ఒకే పక్క పడుకోవడం వల్ల వచ్చిన చప్పటతనమే ఇది. దీనివల్ల మెదడు ఎదుగుదల ఆగదు.”

తల్లి కళ్లు తుడుచుకుంది. “మా అమ్మ ఒత్తకపోవడం వల్లనా మేడం?”

“కాదు. ఒత్తితే తల గుండ్రంగా రాదు. ఒత్తకండి. ఆవాల దిండూ తీసేయండి. పసిబిడ్డకు ఏ దిండైనా ఊపిరికి అడ్డం పడే ప్రమాదముంది.”

తండ్రి అసలు మాట అడిగాడు. “హెల్మెట్ పెడితే తొందరగా సరవుతది గద మేడం?”

ఈ ప్రశ్నకు ఆధారంతో జవాబు వెతికిన అధ్యయనం నెదర్లాండ్స్‌లో జరిగింది. ట్వెంటె విశ్వవిద్యాలయానికి చెందిన రెన్స్కే వాన్ వైక్, ఆమె సహచరులు చేసిన ఆ అధ్యయనం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అర్హులైన 403 మంది పిల్లల ఇళ్లను అడిగితే, హెల్మెట్ పెట్టాలా వద్దా అన్నది లాటరీకి వదిలేయడానికి 84 ఇళ్లవారే ఒప్పుకున్నారు. అయిదారు నెలల వయసు, మధ్యస్థం నుంచి తీవ్రమైన చప్పటతనం. సగం మందికి రోజుకు 23 గంటల చొప్పున ఆరు నెలలు హెల్మెట్ పెట్టారు. మిగతా సగాన్ని అట్లాగే వదిలేశారు. రెండేళ్ల వయసులో కొలిస్తే, పూర్తిగా సరైనవాళ్లు హెల్మెట్ గుంపులో 26 శాతం, పెట్టని గుంపులో 23 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. హెల్మెట్ పెట్టిన ప్రతి ఇంటా ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. 96 శాతం మంది పిల్లల చర్మం ఒరిసిపోయింది. 71 శాతం మందికి చెమట ఎక్కువైంది. బిడ్డను హత్తుకోవడానికి అడ్డంగా ఉందని 77 శాతం మంది తల్లిదండ్రులు బాధపడ్డారు.

డాక్టరమ్మ ఈ అంకెలు చెప్పి అక్కడితో ఆగలేదు. “రెండో వైపూ వినండి. ఆ అధ్యయనంలో మెడ కండరం బిగిసిన పిల్లలు లేరు. హెల్మెట్లు సరిగ్గా అమరలేదన్న విమర్శా ఉంది. పడుకునే తీరు మార్చి, వ్యాయామం చేయించినా తగ్గని మధ్యస్థ, తీవ్ర సందర్భాల్లో హెల్మెట్ పెట్టవచ్చని 2016లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘం సూచించింది. మీ బాబుది మధ్యస్థం. ఆరు వారాలు నేను చెప్పినట్టు చేసి తీసుకురండి. అప్పటికీ మార్పు లేకపోతే హైదరాబాద్ నేనే పంపిస్తాను. ఏడో నెలలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు.”

బిజినేపల్లిలో చాయ్‌కి ఆగినప్పుడు భార్యాభర్తలు మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకున్నారు.

“రేపు వాడు పెద్దయినంక, పైసలకు ఎనకాడి నాకు చెయ్యలేదంటే?” అన్నాడతను.

“పైసల కోసం ఎవరాగిండ్రు? వచ్చేది ఎండకాలం. పాలమూరు ఎండకు మనకే నెత్తి మాడుతది. అంత చిన్న తలకు దినమంత అది కట్టి, చెమటకు పుండ్లయితే? కావాలని తేలితే నేనే పెడత. ఒక్క గంట గూడ తియ్య. కానీ మీ అక్క చెప్పిందని, మా అమ్మను అన్నరని, నా తప్పు కప్పుకుందామని మాత్రం పెట్టను.”

అతను చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి “ఆరు వారాలు జూద్దాం” అన్నాడు.

ఆ ఆరు వారాలూ ఇల్లంతా ఒక్క పని మీద నిలబడింది. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. తొట్టెలకు బదులు చదునైన గట్టి పరుపు వేశారు. తలవైపు కాళ్లు, కాళ్లవైపు తల వచ్చేలా తిప్పి పడుకోబెట్టారు. వాకిలి, మనుషులు, గిలక్కాయ అన్నీ ఎడమవైపుకు మారాయి. పాలిచ్చేటప్పుడు చేయి మార్చింది తల్లి. మెలకువగా ఉన్నంతసేపు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చాప మీద బోర్లా వేసి ఆడించారు. నాయనమ్మ ఒత్తడం మానేసి, వాణ్ని ఎత్తుకుని వీధంతా తిప్పింది. తలకు నేల తగలని ప్రతి గంటా మేలే. వాడంతట వాడే బోర్లాపడిన రోజున బొబ్బట్లు చేసి గద్వాలకూ పంపింది. వియ్యపురాళ్ల మధ్య మాట కలిసింది.

ఆరు వారాల తర్వాత కొలిస్తే తేడా తగ్గింది. పూర్తిగా పోలేదు. డాక్టరమ్మ హెల్మెట్ అక్కర్లేదంది. ఈ తగ్గుదల అరుదైనది కాదు. న్యూజిలాండ్‌లో లిన్ హచిసన్ బృందం 200 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించి 2004లో ఫలితాలు ప్రకటించింది. నాలుగో నెలలో దాదాపు 20 శాతం మందికి ఉన్న తల వంకర, రెండేళ్లకు 3.3 శాతానికి తగ్గింది.

ఈ తల్లిదండ్రుల నిర్ణయం అందరికీ సరిపోదు. తీవ్రంగా ఉన్న బిడ్డకు, మెడ తిరగని బిడ్డకు, ప్రయత్నించినా తగ్గని బిడ్డకు హెల్మెట్ అవసరం రావచ్చు. అలా పెట్టించుకున్న తల్లిదండ్రులు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కానీ ఆ మాట పరీక్ష చేసిన వైద్యుల నుంచి రావాలి. టీకాలకు తీసుకెళ్లినప్పుడే, రెండో నెల, మూడో నెలలోనే, “తల ఒకసారి పైనుంచి చూడండి” అని అడగండి. అతుకుల మీద గట్టు తగిలినా, చప్పటతనం పుట్టుకతోనే ఉండి పెరుగుతున్నా, మెడ ఒక పక్కకే వాలుతున్నా ఆ వారమే చూపించండి. చప్పటైందన్న భయంతో బిడ్డను బోర్లా నిద్రపుచ్చకండి. వెల్లకిలా నిద్ర ప్రాణం కాపాడుతుంది. తల ఆకారం సరిదిద్దుకోవడానికి మనకు నెలలున్నాయి. తప్పెవరిదని ఇంట్లో వాదులాడుకుంటే పోయేవీ ఆ నెలలే.