ఖుషి టీవీ

ఖుషి టీవీ తెలుగు పిల్లల కోసం సన్ టీవీ నెట్‌వర్క్ 2009లో మొదలుపెట్టిన కార్టూన్ చానెల్. ఇదే సంస్థ తమిళంలో చుట్టి టీవీని 2007లో ప్రారంభించింది. కన్నడ చింటు టీవీ కూడా 2009లోనే వచ్చింది. మలయాళ కొచ్చు టీవీ 2011లో వచ్చింది.

తెలుగు పిల్లలకు కార్టూన్లు అప్పటికే అలవాటు. 1990లలో దూరదర్శన్‌లో ‘జంగిల్ బుక్’ను హిందీలోనే చూశారు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ ఇంగ్లీషులో వచ్చింది. 2004 డిసెంబరులో మన దేశంలోకి అడుగుపెట్టిన డిస్నీ చానెళ్లు తెలుగు ఆడియో కూడా ఇచ్చాయి. కానీ ఒకే ప్రసారానికి నాలుగు భాషల గొంతులు జోడించడం వేరు, పూర్తిగా తెలుగు పిల్లల కోసమే చానెల్ నడపడం వేరు. ఖుషి విలువ అక్కడే ఉంది.

‘జాకీ చాన్ అడ్వెంచర్స్’ వంటి అనువాద ధారావాహికలు దీనికి పేరు తెచ్చాయి. అన్నిటికంటే పిల్లలకు దగ్గరైంది ‘డోరా’. అమెరికాలో నికెలోడియన్ 2000లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమంలో డోరా వెంట తిరిగే బూట్స్ అనే కోతిపిల్ల తెలుగులో బుజ్జి అయింది. డోరా ఒక ప్రశ్న అడిగి, చూస్తున్న పిల్లలు జవాబు చెప్పేదాకా ఆగుతుంది. ఆ కాసేపటి నిశ్శబ్దమే ఈ కార్యక్రమానికి ప్రాణం. తెలుగులో అడిగితే పిల్లలు తెలుగులోనే నోరు విప్పుతారు.

ఈ సంగతి తెలుగు రాష్ట్రాల్లో కంటే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఇంకా ముఖ్యం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇటు బిలాస్‌పూర్‌ను, అటు విశాఖపట్నంలోని వాల్తేరును ఒకే సంస్థ కిందికి తెచ్చింది. ఆ ఉద్యోగాల వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ పట్టణానికి చేరాయి. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. ఇక్కడ బడిలో, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ నడుస్తాయి. ఇలాంటి చోట పిల్లలకు తెలుగు ఇంటి పెద్దల మాటగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. తమ ఈడు పాత్ర తెలుగులో పలకరిస్తే ఆ భాష ఆటకూ పనికొస్తుందని వాళ్లకు అర్థమవుతుంది.

అయితే చానెల్ ఉన్నంత మాత్రాన ఇంటికి చేరదు. పాత అనలాగ్ కేబుల్‌లో చోటు తక్కువ. ఏ చానెల్ ఇవ్వాలో ఆపరేటరే తేల్చేవాడు. హిందీ పట్టణంలో కొద్దిమంది అడిగే తెలుగు పిల్లల చానెల్‌కు ఆ వరసలో చోటు దొరకడం కష్టం. ఇంటి మీది డిష్‌కు ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారాలు అందించే డీటీహెచ్ ఆ ఇబ్బందిని తగ్గించింది. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలతో కావలసిన చానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు ప్రేక్షకులకు వచ్చింది.

ఖుషికి ఒక లోటూ ఉంది: అది ఎక్కువగా డబ్బింగ్ మీదే బతికింది. తెలుగు నేల మీద కార్టూన్లు తయారవకపోలేదు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ‘ఛోటా భీమ్’ను తీర్చిదిద్దింది, అది మాత్రం 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. హైదరాబాద్ నుంచే రామోజీ సంస్థ 2021 ఏప్రిల్‌లో ఈటీవీ బాలభారత్‌ను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో ప్రారంభించింది.