సంత యెద్దు - అలసట - రోగనిరోధము

1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున చేరియుండిన నాందేడు మండలము పశుసంపదకు పేరెన్నికగన్నది. ఎర్ర కంధారీ యెడ్లకు పుట్టినిల్లు కంధారము; మాళేగావు ఖండోబా జాతరలోని పశువుల సంత నేటికిని ప్రసిద్ధము. దూరపు సంతనుండి తోలుకొనివచ్చిన యెద్దు వారము తిరుగకుండ గొంతువాపుతో కూలినచో, రైతు దానిని అమ్మినవాని మోసమని తలచుట సహజము. అన్ని వేళల నది న్యాయము కాదు. ఆ రోగబీజము ఆరోగ్యముగ నున్న పశువు గొంతునందు సైతము అణగియుండగలదు. దానికి దారి యిచ్చునది అలసట.

1936లో మాంట్రియలునందు హాన్స్ సెల్యే యెలుకలను చలికి, మితిమీరిన శ్రమకు గురిచేసి చూడగా, వాని అధివృక్కగ్రంథులు పెరిగెను. రోగనిరోధమునకు మూలమైన థైమసు గ్రంథి కుంచించుకొనిపోయెను. పశువులలో అధివృక్కములు విడుచు కార్టిసాలు కొలదికాలము మేలే చేయును. దినములతరబడి హెచ్చుగ నున్నచో తెల్ల రక్తకణముల శక్తిని కుంటుపరచును. త్రోవలోని ఆకలి, దప్పి, తొలకరి తడి దానిని హెచ్చించునవే. అట్లు డస్సిన పశువునకు వేసిన టీకా ఫలమును తరచుగా కొరతవడును.