చాందా చెరువుగట్టున తెల్లపూలు

1964 ప్రాంతమున చంద్రపూర్ అను పేరు పొందకముందు మన పట్టణము చాందాగా ప్రసిద్ధము. ఖాండక్యా బల్లాల్‌షా మొదలుగా గోండు రాజులు ఇచ్చట కోటతోపాటు నీటి వసతిని గూడ తలపోసిరి. కోటగోడ చెంతనున్న రామాల చెరువును రామ్‌షా కట్టించెనని పెద్దలు చెప్పుదురు.

ఈ జిల్లాతో మన తెలుగువారి పొత్తు ప్రాచీనము. 1860లో నిజాము ఆంగ్లేయుల కిచ్చిన సిరోంచ ప్రాంతము 1874లో చాందా జిల్లాలో చేరినది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిమ్మట రాకపోకలు సులభమాయెను. ఊరూర చెరువుగల సీమనుండి వచ్చిన మనవారికి తెల్లకలువ క్రొత్తది గాదు. అయినను నేటి మన పిల్లలు కలువను జూచి తామర యనుచున్నారు. తామరాకు నీటిపై నిలిచి యుండును. కలువాకు నీటిపై తేలును. తెల్లకలువ రాత్రి విరిసి ప్రొద్దెక్కగనే ముడుచుకొనును.

గట్టున పెరుగు మొక్కలలో మఱాఠీ వారి సోన్‌టక్కా మాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఇది అల్లపు జాతి. పుట్టినిల్లు హిమాలయముల తూర్పు భాగము. సంజవేళ దీని పరిమళము హెచ్చును. మసక వెలుతురులో తెల్లని రేకులు కానవచ్చుటచే రాత్రి తిరుగు సీతాకోకచిలుకలు దీనిని జేరును.

ఉద్యోగవిరమణానంతరము మేము దీనిని తొలుత ఎండలో నాటి పొరబడితిమి. వైశాఖమునకే ఆకులు మాడెను. పిదప దుంపలను త్రవ్వి, రెండు మూడు కనులుండునట్లు కోసి, ఆషాఢపు తొలివానలకు నూతి ప్రక్క నీడపట్టున రెండంగుళముల లోతున నాటితిమి. నేల తడిగా నుండవలెను గాని నీరు నిలువరాదు. పూచిన కాడలను మొదలంట కోసి, మూడేండ్లకొకమారు దుంపలను విడదీసినచో పొద బలముగా నుండును. కలువకు మూరెడు లోతు తొట్టి చాలును. దోమలు పెరుగకుండ అందులో చిన్న చేపలను విడువవలెను.

అయితే హద్దు మఱువరాదు. క్యూబా దేశపు జాతీయపుష్పమైన ఈ సోన్‌టక్కాయే హవాయి దీవులలో అడవుల నాక్రమించి బెడదయైనది. దక్షిణ అమెరికానుండి పూవుల సొగసునకై తేబడిన గుఱ్ఱపుడెక్క మన చెరువుల కేమి చేసినదో యెఱుగుదుము. అది క్రమ్మిన రామాల చెరువును శుద్ధి చేయవలెనని 2021లో నిరాహారదీక్షయే జరుగవలసి వచ్చెను. కావున మిగిలిన దుంపలను చెరువులో గాని కాలువలో గాని పారవేయక, పొరుగువారికి పంచుదము.

రాజులు నీటిని నిలిపిరి. దానిని మలినము చేయకుండుట మన వంతు. పిల్లలను ఒక సాయంకాలము గట్టునకు గొనిపోయి, కలువను కలువయని చెప్పి చూపుదము.